నీళ్లల్లో వాసనేటి?

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం, సైన్సు కబుర్ల కోసం కలిసే కొద్దిమంది మిత్రుల మధ్య ఒక జువాలజీ లెక్చరర్ మాట్లాడిన మాటలు. ఫోన్‌లో రికార్డు చేసింది విని రాసినవి. మధ్యలో కరెంటు పోయినప్పటి గోల వదిలేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లోవాళ్లకి వినబడుతోందా? సరే. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, మైకులో గాలే వినబడుతోంది.

ఈ సబ్జెక్టు నేను ఎంచుకున్నది కాదండీ, మా మావయ్య నా నెత్తిన పెట్టింది. మాది కళింగపట్నం దగ్గర ఊరు. డిగ్రీ మొదటి సంవత్సరంలో సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లి, కొత్తగా చదువుకున్న వేడిలో, వల బాగుచేసుకుంటున్న మావయ్య పక్కన కూర్చుని "చేపలకి ముక్కుంటుంది మావయ్యా, అవి వాసన చూస్తాయి" అన్నాను. ఆయన సూది ఆపలేదు. "నీల్లల్లో వాసనేటిరా? గాల్లో వస్తే వాసన. నీల్లల్లో ఉంటే అది రుచి గదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పుస్తకంలో ఉంది అన్నాను. "పుస్తకం తడిసిపోద్ది, జాగర్త" అన్నాడు. (నవ్వులు)

అప్పుడు ఉక్రోషం వచ్చింది గానీ, తర్వాత తెలిసింది, ఆయన అడిగింది చాలా పెద్ద ప్రశ్న అని. మనకి వాసనకీ రుచికీ తేడా తేలిగ్గా తెలుస్తుంది. దూరంగా ఉన్న పులుసు గాలిలో వచ్చి ముక్కుకి తగిలితే వాసన, నోట్లో పెట్టుకుంటే రుచి. చేప సంగతేంటి? దానికి రెండూ నీళ్లలో కరిగే రావాలి. ఒక రొయ్య ఒంట్లోంచి కారిన అమైనో ఆమ్లం, అంటే ప్రొటీన్లు తయారయ్యే చిన్న ముక్క, అదే అణువు, అదే నీటి బొట్టులో వచ్చి చేప ముక్కులోకీ వెళ్తుంది, పెదవులకీ తగులుతుంది. మరి ఒకదాన్ని వాసన అనీ ఇంకోదాన్ని రుచి అనీ ఎలా విడదీస్తాం? అణువుని చూసి విడదీయలేం. తీగని చూసి విడదీస్తాం. ముక్కులో తగిలిన కబురు మొదటి కపాల నాడి పట్టుకుని తిన్నగా మెదడు ముందు భాగంలోకి వెళ్తుంది. రుచి కబురు ఏడు, తొమ్మిది, పది నంబర్ల నాడులు పట్టుకుని వెనక మెదడుకి పోతుంది. సరుకు ఒకటే, వెళ్లే రోడ్లు వేరు. మన ఏడురోడ్ల జంక్షన్‌లో ఎక్కిన బస్సుని బట్టి ఊరు మారినట్టు, ఎక్కిన నాడిని బట్టి అది వాసనో రుచో అవుతుంది. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది, వాసన అనేది పదార్థంలో సగమే ఉంది, మిగతా సగం వైరింగులో ఉంది.

జెల్ల చేపని చూడండి. మీసాలుంటాయి కదా, ఆ మీసాల మీదే కాదు, ఒళ్లంతా రుచి మొగ్గలే. అమెరికాలో ఉండే ఒక జెల్ల జాతికి లక్షకు పైగా రుచి మొగ్గలున్నాయని లెక్కపెట్టారు. ఒక రకంగా అది ఈదే నాలుక. 1960ల్లో అక్కడ దాని మీద ప్రయోగాలు చేశారు. ముక్కు పనిచేయకుండా చేసినా అది తిండిని వెతుక్కుంటూ తిన్నగా వచ్చేసింది, రుచి ఒక్కటీ చాలింది. కానీ తనతో ఉండే చేపని, ఇది ఫలానాది, నిన్న నన్ను తరిమింది అని గుర్తుపట్టడం మాత్రం పోయింది. తిండి వెనక మెదడు చూసుకుంటోంది, ముఖపరిచయాలు ముక్కు చూసుకుంటోంది. మా మావయ్యకి ఈ సంగతి చెబుదామంటే అప్పటికే ఆయన లేడు.

సరే, ముక్కులోకి వెళ్దాం. రేపు బజారులో బొచ్చె తల కొన్నప్పుడు పులుసులో వెయ్యడానికి ముందు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. కంటికి ముందు, పక్కపక్కనే రెండు చిల్లులుంటాయి, మధ్యలో చిన్న తోలు రేకు. అటువైపూ అంతే. అగరబత్తి పుల్ల ఒకటి తీసుకుని ముందు చిల్లులో మెల్లగా దూరిస్తే వెనక చిల్లులోంచి బయటికొస్తుంది. నోట్లోకి రాదు. మన ముక్కు గొంతులోకి దారి తీస్తుంది, ఊపిరి పనీ అదే చేస్తుంది. చాలా చేపల్లో అలా కాదు, ఊపిరి మొప్పల పని, ముక్కుది ఒక్క వాసన పనే. చేప ముందుకి ఈదితే నీళ్లు ముందు చిల్లులోంచి దూరి వెనకనుంచి పోతాయి, అంతే. ఇప్పుడు బ్లేడుతో ఆ తోలు తీసేయండి. లోపల ఒక పువ్వుంటుంది. నిజంగా పువ్వే, మధ్యలో ఒక కాడ, దానికి రెండు పక్కలా పల్చటి రేకులు దగ్గరదగ్గరగా పేర్చినట్టు, ముద్దబంతిలాగ. మొదటిసారి చూసినప్పుడు మా క్లాసులో ఒకమ్మాయి "సార్, దీన్ని ఇన్నాళ్లూ తినేశామా" అంది.

ఆ రేకుల మీద ఉంటాయి వాసన కణాలు. వీటిలో ఒక విచిత్రం ఉంది. మన ఒంట్లో మిగతా నరకణాలన్నీ ఎముక కిందా తోలు కిందా భద్రంగా దాక్కుని ఉంటాయి. ఈ కణాలు మాత్రం ఒక కొస బయట నీళ్లలో పెట్టి, రెండో కొస మెదడులో పెట్టి కూర్చుంటాయి. మధ్యలో ఇంకెవరూ లేరు. చెరువు నీటికీ చేప మెదడుకీ మధ్య దూరం ఒకే ఒక్క కణం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మైలుతుత్తం దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఈ కణాల్లో రకాలున్నాయి. కొన్నిటికి పొడుగు కేశాలు, కొన్నిటికి పొట్టి నూగు, ఇంకొన్ని కుండలా గుంటపడి ఉంటాయి. పిల్లులకీ పాములకీ రెండు రకాల ముక్కులు, మామూలు ముక్కొకటి, జతకట్టే వాసనల్లాంటివాటికి నోటి పైకప్పు దగ్గర వేరే అవయవం ఒకటి. చేపకి ఆ వేరు కాపురం లేదు, అన్ని రకాల కణాలూ ఆ ఒక్క పువ్వు మీదే కలిసి ఉంటాయి. మరి గందరగోళం అవదా అంటే, అక్కడే అసలు కథ.

ప్రతి కణం మీదా వాసన పట్టే తాళం ఒకటుంటుంది, రిసెప్టర్ అంటాం. 1991లో లిండా బక్, రిచర్డ్ ఏక్సెల్ అనే ఇద్దరు ఈ రిసెప్టర్ల జన్యువుల్ని ఎలుకలో పట్టుకున్నారు. వెయ్యి దాకా ఉన్నాయని తేలేసరికి అందరూ నోళ్లు వెళ్లబెట్టారు, ఒక్క ముక్కు కోసం ఇన్ని జన్యువులా అని. 2004లో నోబెల్ వచ్చింది. చేపలకి అన్ని లేవు. ఇప్పుడు ల్యాబుల్లో అందరూ వాడే జీబ్రాఫిష్‌కి, అదే మన అక్వేరియం షాపుల్లో చారల చారల చిన్న చేప, పుట్టిల్లు మన దేశపు వాగులే, దానికి అన్ని రకాల రిసెప్టర్లూ కలిపి మూడు వందల చుట్టూ. మూడు వందలు తక్కువ కాదు. మన కంటికి రంగులు చూడ్డానికి మూడంటే మూడే రకాల కణాలున్నాయి.

ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఒక కణం ఒక రకం తాళమే పెట్టుకుంటుంది, దాదాపుగా. ఒకే తాళం ఉన్న కణాలు పువ్వంతా చెల్లాచెదురుగా ఉంటాయి, ఇక్కడొకటి అక్కడొకటి. ఇప్పుడు వాటి తీగలు మెదడుకి వెళ్లాలి. ఎలా వెళ్తాయో చెప్పడానికి నాకు పొందూరు కంటే మంచి ఉపమానం దొరకలేదు. పొందూరులో నూలు వడికే ఇల్లు చూసినవాళ్లున్నారా? చేతులెత్తండి... బాగానే ఉన్నారు. అక్కడ పత్తిని దువ్వేది దేంతో? వాలుగ చేప దవడతో. ఆ సన్నటి పళ్ల వరసలో పత్తి లాగితే పీచులన్నీ ఒక దారిలోకి వస్తాయి, చెత్త పోతుంది, ఆ తర్వాతే అంత సన్నని నూలు. వాలుగ కూడా జెల్లల జాతిదే. అది బతికున్నప్పుడు దాని తలలో కూడా అదే పని జరుగుతుంది. చెల్లాచెదురుగా బయల్దేరిన తీగల్లో ఒకే తాళం ఉన్నవన్నీ దారిలో ఏరుకుని, దువ్వినట్టు, మెదడు ముందు కొసన బల్బు అనే చిన్న ఉబ్బులో ఒకే చోటికి వచ్చి చేరి ఉండ కడతాయి. ఆ ఉండని గ్లోమెరులస్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకి అర్థం నూలు ఉండ అనే. పెట్టినవాళ్లకి పొందూరు తెలీదు గానీ పేరు మాత్రం సరిగ్గా పెట్టారు.

బల్బు అన్నాను, తెలుగు మీడియంవాళ్లకి 'ఘ్రాణ లంబిక' అని గుర్తుండొచ్చు, పరీక్షలో నాలుగు మార్కులు. పెద్ద జీబ్రాఫిష్ ఒక్కో బల్బులో నూట నలభై దాకా ఉండలుంటాయి. కొన్ని పెద్ద ఉండలు ఎంత కచ్చితంగా ఉంటాయంటే, ఏ చేపని కోసి చూసినా అదే చోట, అదే సైజులో కనబడతాయి, వాటికి పేర్లు కూడా పెట్టారు. 1997, 98ల్లో జర్మనీలో రైనర్ ఫ్రీడ్రిక్, సిగ్రున్ కోర్షింగ్ అనేవాళ్లు రంగు అద్ది ఆ ఉండలు వెలగడం చూశారు. అమైనో ఆమ్లాలు పోస్తే బల్బులో పక్క భాగం వెలిగింది. పైత్యరసపు ఆమ్లాలు పోస్తే లోపలి వైపు. ఎందుకీ రెండే అంటారా? అమైనో ఆమ్లమంటే ఎక్కడో ఏదో ప్రాణి నలుగుతోంది, అంటే తిండి. పైత్యం అంటే ఇంకో చేప దగ్గర్లో ఉంది, దాని మలమూత్రాల్లోంచి వచ్చింది. చేప బతుక్కి ఈ రెండూ తెలిస్తే సగం లోకం తెలిసినట్టే. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్క ఉండ వెలగదు, కొన్ని ఉండలు కలిసి వెలుగుతాయి, ఆ కలయికే దాని గుర్తు. హార్మోనియంలో ఒక స్థాయికి మెట్లు పన్నెండే, రాగాలు వందలు, అలాగన్నమాట.

కొన్ని వాసనలకి మాత్రం రాగాలు గీగాలు లేవు, ఒకే మెట్టు, ఒకే మోత. శవం కుళ్లినప్పుడు వచ్చే కెడావరిన్ అనే పదార్థానికి జీబ్రాఫిష్‌లో ఒకే తాళం గట్టిగా పలుకుతుంది, అది తగిలితే చేప పారిపోతుంది. 2013లో పట్టుకున్నారు. తమాషా ఏంటంటే అదే కుటుంబంలో జాతి దూరమైన గోల్డ్‌ఫిష్ ఉంది చూశారా, దానికి అదే కెడావరిన్ తిండి వాసన, ఎగబడి వెతుక్కుంటుంది. మళ్లీ అదే మాట, సరుకు ఒకటే.

ఇప్పుడు కొంచెం కష్టమైన చోటికి వచ్చాం. టీ తెప్పించారా? ఇంకా లేదా, సరే కానిద్దాం.

మీరు ఎండుచేపల సంతకి వెళ్లారనుకోండి. దూరం నుంచి వచ్చేది ఒకే వాసన, ఎండుచేప. నెత్తళ్లు ఏవో, సవలాలు ఏవో, రొయ్యపొట్టు ఏదో ముక్కు చెప్పదు. కాసేపు అక్కడే నిలబడితే అప్పుడు విడివిడిగా తెలియడం మొదలవుతుంది. చేప బల్బుకీ ఇదే బాధ. అమైనో ఆమ్లాలన్నీ అన్నదమ్ములే, ఒకేలా ఉంటాయి, ఒకే ఉండల్ని చాలావరకూ వెలిగిస్తాయి. వాటిని ఎలా విడదీస్తుంది? 2001లో ఇదే ఫ్రీడ్రిక్, జిల్ లొరాన్‌తో కలిసి, బల్బులోంచి బయటికి కబురు పంపే కణాల్లో, మైట్రల్ కణాలంటారు వాటిని, సూదులు పెట్టి విన్నాడు. వాసన తగిలిన మొదటి క్షణంలో దగ్గరి పోలికలున్న ఆమ్లాలకి కణాల మోత కూడా పోలికగానే ఉంది. కాసేపట్లోనే, మనం ఒకసారి ఊపిరి తీసి వదిలే లోపు, ఆ మోతలు ఒకదాన్నుంచి ఒకటి దూరం జరిగిపోయాయి. ముక్కు నుంచి వచ్చే కబురు మారలేదు. బల్బు లోపలే ఏదో జరిగి అవి విడిపోయాయి.

ఏం జరిగింది? అది తేలడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. స్విట్జర్లాండ్‌లో బాసెల్ ఊళ్లో, ఫ్రీడ్రిక్ ల్యాబులో, అడ్రియన్ వానర్ అనే ఆయన ఒక బుల్లి జీబ్రాఫిష్ పిల్లని, గుడ్డులోంచి వచ్చి రోజులే అయిన దాన్ని తీసుకుని, ముందు దానికి వాసనలు చూపించి ఏ కణం వెలిగిందో రాసుకుని, తర్వాత అదే పిల్ల బల్బుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పొరలు పొరలుగా తీశారు. ఒక్కో పొర మన వెంట్రుక మందంలో వేల వంతు. ఆ బొమ్మల్లో ఒక్కో తీగనీ మనుషులు కూర్చుని, వలలో ఒక్కో దారాన్ని వేలితో పట్టుకుపోయినట్టు, పొర నుంచి పొరకి గీసుకుంటూ పోయారు. పిల్ల చేప బల్బులో మొత్తం వెయ్యి చిల్లర కణాలు. దాదాపు అన్నిటి తీగలూ దొరికాయి. 2020లో అచ్చయింది. వెన్నెముక ఉన్న ఒక జంతువు మెదడులో ఒక ముక్క తీసుకుని, ఏ కణం ఏ వాసనకి పలుకుతుందో, దాని తీగ ఎవరితో కలుస్తుందో, రెండూ ఒకే ప్రాణిలో పక్కపక్కన పెట్టి చూడడమంటే మాటలు కాదు.

అందులో కనబడింది ఇదీ. బల్బులో మైట్రల్ కణాలు నేరుగా పోట్లాడుకోవు. మధ్యలో చిన్న కణాలున్నాయి, వాటి పని నోరు మూయించడం. ఒక మైట్రల్ కణం అరిచిందంటే అది మధ్య కణాన్ని తడుతుంది, ఆ మధ్య కణం వెళ్లి ఇంకో మైట్రల్ కణాన్ని ఆపుతుంది. ఎవర్ని ఆపుతుంది అన్నదే ప్రశ్న. అందర్నీ సమానంగానా, ఇరుగుపొరుగునా? రెండూ కాదు. తనలాంటి వాసనలకే పలికే తన జట్టువాళ్లనే ఎక్కువ ఆపుతుంది, వాళ్లు కూడా తిరిగి దాన్ని ఆపుతారు. మన ఊళ్లో గ్రామసభ అనుకోండి. ఒకే వీధివాళ్లు పాతిక మంది లేచి ఒకే మాట పాతిక సార్లు అరుస్తుంటే పక్కవీధిలో ఒకాయన చెప్పే వేరే సంగతి వినబడదు. అప్పుడు ఆ వీధివాళ్లే ఒకరి చెయ్యి ఒకరు లాగి "చెప్పాం కదా, కూచో" అనుకుంటే గోల తగ్గుతుంది, పక్కాయన మాట వినబడుతుంది. బల్బు చేసేది అదే. అందరికీ ఉమ్మడిగా ఉన్న మోతని జట్టు లోపలే తగ్గించి, తేడా ఉన్న చోటుని మిగులుస్తుంది. ఆ తీగల పటాన్ని కంప్యూటర్లో పెట్టి లెక్కగట్టినా అదే ఫలితం వచ్చింది, ఆ తీగల్ని తారుమారు చేస్తే రాలేదు. అంటే విడదీసే తెలివి తీగల అల్లికలోనే ఉంది.

దీనికంటే ముందు, 2010లో, ఇంకో చక్కటి ప్రయోగం చేశారు, త్వరగా చెప్పేస్తాను. రెండు అమైనో ఆమ్లాల్ని కలిపి, పాళ్లు కొంచెం కొంచెంగా మారుస్తూ పోయారు, తొంభైకి పది, ఎనభైకి ఇరవై, అలాగ. బల్బు మోత కూడా కొంచెం కొంచెం మారాలి కదా? మారలేదు. చాలాసేపు మొదటి వాసనే అన్నట్టుండి, ఒక చోట చటుక్కున రెండోదానికి మారిపోయింది. పాలల్లో నీళ్లు ఎంత కలిపితే ఇక నీళ్లే అంటామో అలాంటి గీత ఒకటి చేప గీసుకుందన్నమాట.

ఇక బల్బు దాటి వెళ్దాం. బొచ్చె తల ఇంకా పళ్లెంలోనే ఉంది కదా, ఎముక జాగ్రత్తగా విప్పితే ఇంకో అందం కనబడుతుంది. బొచ్చె, శీలావతి లాంటి కార్ప్ చేపల్లో ఈ బల్బు మెదడుకి అతుక్కుని ఉండదు, ముక్కు పక్కనే ఉంటుంది, అక్కణ్ణుంచి మెదడు దాకా రెండు తెల్లటి దారాలు సాగుతాయి. జీబ్రాఫిష్‌లోనూ సాల్మన్‌లోనూ బల్బు మెదడుకి ఆనుకునే ఉంటుంది. ఈ పొడుగు దారాలు శాస్త్రవేత్తలకి వరమయ్యాయి, విడివిడిగా కత్తిరించి చూడొచ్చు కాబట్టి. నార్వేలో శెల్ డోవింగ్ అనే ఆయన 1980లోనే కాడ్ చేప మీద, ఈ దారంలో ఉన్న ఒక్కో పాయకీ విడిగా కరెంటు ఇచ్చి చూశాడు. ఒక పాయకి ఇస్తే చేప తిండి వెతకడం మొదలెట్టింది. ఇంకో పాయకి ఇస్తే వేరే ప్రవర్తన. నీళ్లలో ఏ వాసనా లేదు, చేప మాత్రం అడుగున ఆబగా వెతుకుతోంది. తర్వాత కార్ప్ కుటుంబంలోనే ఒక చేప మీద పాయలు కోసి చూశారు. పక్క పాయ తిండి, లోపలి పాయలో ఒక సగం భయం, ఇంకో సగం జతకట్టడం. భయం పాయ ఒక్కటే కోస్తే చేప మామూలుగా తింటుంది, తిరుగుతుంది, ప్రమాదం వాసన మాత్రం పట్టించుకోదు. ఏడురోడ్లు కాదు గానీ మూడు రోడ్లు.

జీబ్రాఫిష్‌లో మాత్రం బల్బు దాటాక కథ ఇంకోలా ఉంది. బల్బులో అంత చక్కగా వీధులు వీధులుగా ఉన్న పటం, మన మెదడులో వాసన ప్రాంతానికి సమానమైన ముందు మెదడు వెనక భాగానికి చేరేసరికి చెరిగిపోతుంది. అక్కడ ఏ వాసనకైనా కణాలు చెల్లాచెదురుగా పలుకుతాయి, అనుభవంతో నేర్చుకున్నదాన్ని కలుపుకునే చోటు అది. ఇంకో పాయ మెదడు మధ్యలో హెబెన్యులా అనే చిన్న ముడి దగ్గరికి వెళ్తుంది, ఆ ముడి కుడీ ఎడమా రెండుంటాయి, వాసన తీగలు మాత్రం కుడి దానికే పోతాయి. ఎడమ దానికి వెలుతురు కబురు వస్తుంది. కుడివైపు వాసన, ఎడమవైపు వెలుగు. జపాన్‌వాళ్లు తీగ తీగా రంగేసి చూసినా అదే. ఇంత చిన్న చేపలో కూడా కుడి ఎడమైతే పొరపాటే. (నవ్వులు)

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో దాదాపు పదేళ్లు నేను బోర్డు మీద చేప మెదడు బొమ్మ గీసి, ముందు భాగమంతా చుట్టి 'ఇదంతా వాసన మెదడు' అని రాసేవాణ్ణి. నాకు చెప్పిన మాస్టారు అలాగే చెప్పారు, ఆయనకి చెప్పినవాళ్లూ అంతే. పాతకాలం వాళ్ల లెక్క అది, చేప ఆలోచించదు, వాసన చూస్తుందంతే అని. 1970ల నుంచే తీగలు వెంబడించి చూసినవాళ్లు ముందు మెదడులో వాసన తీగలు చేరేది కొన్ని చోట్లకే, మిగతాదంతా వేరే పనులకి అని తేల్చేశారు. నేను చదవలేదు. ఒక స్టూడెంట్ ఏదో పేపర్ ప్రింటు తీసుకొచ్చి "సార్, ఇది వేరేలా ఉంది" అన్నప్పుడు ముందు కోపం వచ్చింది, ఆ రాత్రి చదివాక సిగ్గేసింది. ఇప్పటికీ ఆ పదేళ్ల బ్యాచ్‌లవాళ్లు ఎక్కడైనా కనబడితే నమస్కారానికి ముందు ఈ కరెక్షన్ చెబుతాను.

భయం పాయ అన్నాను కదా. దాని కథ కార్ల్ ఫాన్ ఫ్రిష్ నుంచి మొదలు. తేనెటీగల నాట్యం అర్థం చెప్పిన ఆయనే, 1973 నోబెల్. 1938లో ఆయన రాసిందేమంటే, గుర్తు కోసం తోక దగ్గర చిన్న గాటు పెట్టిన చిన్న చేపని గుంపులో వదిలితే మిగతావన్నీ బెదిరి పారిపోయాయి. చూసి కాదు, వాసనకి. ఈ కుటుంబం చేపల తోలులో కొన్ని ప్రత్యేక కణాలుంటాయి, తోలు చిరిగితేనే వాటిలో సరుకు నీళ్లలోకి వస్తుంది. బతికున్న చేప కావాలని వదలలేదు. అంటే ఆ వాసన వచ్చిందంటే ఎవర్నో కొరికారు అన్నమాట, కొంగో కొరమీనో. మన పరిగెలూ కార్ప్‌లూ జెల్లలూ అన్నీ ఈ పెద్ద కుటుంబంలోవే.

ఇది నేను ఇంట్లో చేసి చూశాను. గాజు తొట్టిలో ఆరు జీబ్రాలు. ఏడోది అంతకు ముందురోజు చచ్చిపోతే ఫ్రిజ్‌లో పెట్టాను, మా ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. దాని తోలు చిన్న ముక్క నీళ్లలో నూరి, వడగట్టి, సిరంజితో తొట్టి మూలలో చుక్కలు చుక్కలుగా వదిలాను. నీళ్లలో రంగు లేదు, ఏమీ కనబడదు. ముందు ఒకటి ఆగింది. తర్వాత బాణాల్లా అటూ ఇటూ దూసుకుపోయాయి, అన్నీ కలిసి ముద్దగా దగ్గరయ్యాయి, అడుక్కి దిగాయి, ఇసక మీద పొట్ట ఆనించి కదలడం మానేశాయి. మొప్పలు తప్ప ఏమీ కదల్లేదు. తిండి వేసినా రాలేదు. వేళ్లతో గాజు మీద తడితే ఎప్పుడూ పైకి వచ్చేవి, ఆ సాయంత్రం రాలేదు. ఒక్క చుక్కకి ఆరు ప్రాణులు రాళ్లలా అయిపోవడం చూస్తే ఒళ్లు జలదరించింది.

మైలుతుత్తం అన్నాను. మన చెరువుల్లో పాచి పోవడానికి, రోగాలకి వాడతారు, అది రాగి లవణం. వాసన కణాల కొసలు నేరుగా నీళ్లలో ఉంటాయన్నాను కదా, రాగి వాటిని ముందు కొడుతుంది. అమెరికాలో సాల్మన్ పిల్లల మీద చూశారు. లీటరు నీళ్లలో 2 మైక్రోగ్రాముల రాగి, అంటే మన ఇంటిమీద వెయ్యి లీటర్ల ట్యాంకులో 2 మిల్లీగ్రాములు, మూడు గంటలు ఉంచితే చాలు, భయం వాసనకి ఆ పిల్లలు ఆగాల్సినంత ఆగలేదు. చేప చావదు, ఈదుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కొంగ వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. అక్కడ ఆ రాగి ఎక్కువగా కార్ల బ్రేకుల అరుగుదల నుంచి వానలో కొట్టుకొచ్చేది, అందుకని వాషింగ్టన్ రాష్ట్రంలో 2010లో బ్రేకుల్లో రాగి తగ్గించమని చట్టమే చేశారు. మన చెరువుల్లో కుళ్లిన ఆకూ బురదా ఎక్కువ, అవి రాగిని పట్టి ఉంచుతాయి, కాబట్టి ఆ లెక్క ఇక్కడ అలాగే పెట్టకూడదు. కానీ తవుడూ చెక్కా నింపిన సంచులకి చిల్లులు పెట్టి కర్రలకి కట్టే రైతుకి ఒక్కటి చెబుతాను. ఆ బురదనీళ్లలో చేప మీ సంచిని కంటితో చూసి రావడం లేదు. తుత్తం చల్లిన వారంలో సంచులు ఎంత ఖాళీ అవుతున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి.

అడగండి, ఏమైనా ఉంటే.

(ఒకరు: పులస గోదావరి ఎక్కినట్టు, సాల్మన్ పుట్టిన ఏరుకే వస్తుందంటారు, నిజంగా వాసన వల్లేనా?)

నిజంగానే. ఆర్థర్ హాస్లర్ అని విస్కాన్సిన్ ఆయన. 1946లో సొంత ఊరి కొండ ఎక్కుతుంటే, జలపాతం ఇంకా కనబడకముందే అక్కడి నాచూ పువ్వుల వాసన తగిలి, చిన్నప్పటి నేస్తాల పేర్లతో సహా అన్నీ గుర్తొచ్చాయట. నాకే ఇలా ఉంటే సాల్మన్‌కి ఉండదా అనుకున్నాడు. తర్వాత ముక్కుల్లో దూది కుక్కి వదిలితే అవి ఏరు చీలిన చోట దారి తప్పాయి. 1970ల్లో ఇంకా గట్టి రుజువు. పిల్లలుగా ఉన్నప్పుడు మార్ఫోలిన్ అనే కృత్రిమ పదార్థం కలిపిన నీళ్లలో పెంచి వదిలారు, పెద్దయ్యాక, అవి ఎప్పుడూ చూడని ఏట్లో ఆ మార్ఫోలిన్ చుక్కలు వేస్తే అక్కడికి వచ్చాయి.

(ఒకమ్మాయి: ఆ కణాలు నీళ్లలో అలా బయటే ఉంటే త్వరగా చచ్చిపోవా సార్?)

చస్తాయమ్మా, చచ్చినకొద్దీ కొత్తవి పుడతాయి. మిగతా నరకణాలకి చాలావాటికి లేని అదృష్టం అది. కొత్త కణం పుట్టి, తాళం ఒకటి ఎంచుకుని, మళ్లీ తన ఉండ ఎక్కడుందో వెతుక్కుంటూ బల్బులోకి తీగ సాగదీస్తుంది. పొందూరు పని ఆ చేప బతికినంతకాలం సాగుతూనే ఉంటుంది. రాగి దెబ్బకి కణాలు చచ్చిన చేప మంచి నీళ్లలోకి వస్తే మెల్లగా కోలుకోవడం కూడా అందుకే.

(ఒక పెద్దాయన: గాలానికి ఏ ఎర మంచిదో చెప్పండి మాస్టారూ, ఇదంతా ఎందుకు.)

(నవ్వులు) మీరు నాకంటే బాగా చెబుతారు. వానపాము తెగితే అమైనో ఆమ్లాలు కారతాయి కాబట్టి తెగిన ఎర్ర మంచిది, నా దగ్గరున్నది అంతే. కానీ ఎర కంటే చెయ్యి ముఖ్యం. 1950ల్లో కెనడావాళ్లు ఏటికి ఎదురెక్కే సాల్మన్ దారిలో మనిషి చేతులు, ఎలుగుబంటి తోలు కడిగిన నీళ్లు పోస్తే అవి బెదిరి ఆగిపోయాయి. ఆ నీళ్లలో ఏముందని వెతికితే తోలు నుంచి వచ్చే సెరిన్ అనే అమైనో ఆమ్లం దొరికింది.

అది చదివినరోజు మావయ్య గుర్తొచ్చాడు. వంశధార మొగలో గాలం వేసేటప్పుడు ఎర తొడిగే ముందు ఆయన ఒంగి, గుప్పెడు తడి ఇసక తీసుకుని రెండు చేతులూ మోచేతుల దాకా తోముకునేవాడు. ఎందుకు మావయ్యా అని చిన్నప్పుడు అడిగాను. "మనిసి వాసన తగిల్తే రాదురా" అన్నాడు. నీల్లల్లో వాసనేటి అన్నది కూడా ఆయనే. ఆ రెండూ కలిపి ఆయన్ని అడగాలని నాకు తట్టేసరికి ఆలస్యమైపోయింది.

టీ వచ్చినట్టుంది.